చిల్లర ఖర్చుల ఖాతాలో మూడు లక్షల వ్యాపారం

(వాణిజ్య విలేఖరి)

ఏటా వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులు ఇవ్వడం ఆనవాయితీ. టిక్కీల రాక నిలిచిపోతుంది, కాటాలు ఆగిపోతాయి. శీతల గిడ్డంగులలోని సరుకు మీద అడపాదడపా బేరాలు తప్ప యార్డులో సందడి ఉండదు. కమీషన్ జమ పద్దు దాదాపు ఖాళీగా ఉండే రోజులివి. ఖర్చు పద్దుకు మాత్రం సెలవులు లేవు. కొట్టు అద్దె, గుమాస్తాల జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ వేళ తప్పకుండా వస్తాయి. ప్రతి సరుకుకూ ఇటువంటి మందకొడి కాలం ఒకటి ఉన్నది. అనకాపల్లి బెల్లం వర్తకులకు అది వానాకాలంలో వస్తుంది, దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు వర్తకులకు కొత్త పంట రాక ముగిసిన తరువాత వస్తుంది.

యజమాని దృష్టి ఖర్చుల మీద పడేది ఆ రోజుల్లోనే. మొదటి చూపు సాధారణంగా గుమాస్తా మీద పడుతుంది. ఇద్దరున్న చోట ఒకరితో సరిపెట్టుకోలేమా అన్న ఆలోచన వస్తుంది. రెండవ చూపు హమాలీల టీ మీద, మూడవ చూపు రైతుకు పెట్టే భోజనం మీద పడతాయి. ఈ మూడూ పైకి కనిపించే ఖర్చులు కనుక వీటిని కోయడం సులభం. అయితే ఏ ఊరి రైతు ఎంత బయానా తీసుకున్నాడో, ఎవరి సరుకులో తాలు ఎంత ఉంటుందో, ఏ ఖరీదుదారు సొమ్ము ఎన్నాళ్ళకు చేతికి అందుతుందో గుమాస్తా నోటి లెక్కలో ఉంటుంది. అతడు పక్క కొట్టుకు వెళ్ళిన రోజున ఆ లెక్క కూడా అతనితోనే వెళుతుంది. ఎండలో వచ్చిన రైతుకు టీ ఇవ్వని కొట్టుకు మరుసటి సంవత్సరం ఆ ఊరి సరుకు రాకపోయినా ఆశ్చర్యపడనక్కరలేదు. కోయవలసిన ఖర్చులు వేరే ఉన్నవి. అవి ఏ పేరూ లేకుండా ఒకే ఖాతాలో దాగి ఉంటున్నవి.

ఆ ఖాతా పేరు "చిల్లర ఖర్చులు".

చిట్టాలో క్వింటాలుకు పది రూపాయల తేడా వస్తే రెండుసార్లు కూడిక వేయించే వర్తకుడు కూడా ఈ ఖాతా దగ్గరకు వచ్చేసరికి మొత్తం చూసి పేజీ తిప్పేస్తాడు. సంవత్సరాంతంలో ఆడిటరు అడిగితే "ఏవో టీలు, కాఫీలు, పెట్రోలు" అని సమాధానం. ఏవో అన్న మాట దగ్గరనే ఇబ్బంది ఉన్నది.

నూటికి రెండు అయితే ఎంత?

ముందుగా ఒక లెక్క చూద్దాము. కమీషన్ నూటికి రెండు రూపాయలు అనుకుందాం. మీ యార్డులో రేటు వేరైతే దాని ప్రకారం మార్చుకోవచ్చును. రెండు రూపాయలు సంపాదించాలంటే వంద రూపాయల సరుకు అమ్మాలి. అంటే ఖర్చులో మిగిలిన ప్రతి రూపాయీ యాభై రూపాయల వ్యాపారంతో సమానం. నెలకు ఆరువేల రూపాయలు మిగిలితే మూడు లక్షల రూపాయల సరుకు అదనంగా అమ్మినట్లే. మిర్చి క్వింటాలు పదిహేను వేలు అనుకుంటే ఇరవై క్వింటాళ్ళు. టిక్కీల్లో చెప్పాలంటే నలభై అయిదు, యాభై దాకా ఉంటాయి.

ఆ యాభై టిక్కీలు రావాలంటే రైతుకు ముందుగా పెట్టుబడి ఇవ్వాలి. సరుకు దిగిన రోజున రైతుకు సొమ్ము ముట్టజెప్పాలి. కొన్నవారి దగ్గరనుంచి వసూలు కావడానికి వారాలు పట్టవచ్చు, మధ్యలో వడ్డీ నడుస్తుంది, ఒక్కొక్కప్పుడు అసలే మునగవచ్చు. ఖర్చులో మిగిలిన ఆరువేలకు ఈ బాధలేవీ లేవు. పోటీ పెరిగి కమీషన్‌లో కొంత వెనక్కి వదులుకోవలసి వస్తున్న కొట్లకు ఈ తేడా మరింత పెద్దది. కిరాణా టోకు వర్తకులకు నికరంగా నూటికి అయిదు మిగులుతుందనుకుంటే వారి లెక్కలో రూపాయి ఇరవై రూపాయల అమ్మకానికి సమానం.

ఆరువేలు ఎక్కడనుంచి వస్తాయన్నది ఇక చూడవలసినది. ఒక మధ్యతరహా కొట్టు, అయిదుగురున్న ఒక ఇల్లు ఊహించుకుని లెక్క కట్టాము. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి.

తెలియకుండా కట్టే వడ్డీ

అన్నిటికంటె పెద్ద రంధ్రం వడ్డీలో ఉన్నది. ఈ మాట వర్తకులకు చెప్పవలసి రావడం విచిత్రమే. నూటికి రూపాయిన్నర అడిగిన ఫైనాన్సు వ్యాపారితో పావలా తగ్గించమని గంటసేపు బేరమాడేవారు క్రెడిట్ కార్డు బిల్లులో "కనీస చెల్లింపు" అన్న గడిలో ఉన్న సొమ్ము మాత్రం కట్టి ఊరుకుంటున్నారు. కార్డు మీద మిగిలిపోయిన బాకీకి నెలకు నూటికి మూడున్నర రూపాయలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా వడ్డీ పడవచ్చు. దానిపై జీఎస్టీ వేరు. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు కూడా గడువు సౌకర్యం పోయి, కొన్న రోజునుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. నలభై వేలు బాకీ ఉంటే మూడున్నర వడ్డీకి నెలకు రూ. 1,400. ధర్మవడ్డీకి ఎక్కడో ఒకచోట తెచ్చి దీనిని తీర్చివేయడం ఏ విధంగా చూసినా లాభమే.

ఓవర్‌డ్రాఫ్టు సంగతి ఇంకొకటి. ఓడీకి వడ్డీ రోజువారీ నిల్వ మీద వేస్తారు. ఒక బ్యాంకులో ఓడీ నడుస్తూ ఉంటుంది. ఇంకొక బ్యాంకు కరెంటు ఖాతాలో వసూళ్ళ సొమ్ము పడి ఉంటుంది. కరెంటు ఖాతాలో ఉన్న దానికి కానీ వడ్డీ రాదు. రెండు లక్షలు పది రోజులు అలా ఉంటే, నూటికి రూపాయి వడ్డీ లెక్కన రూ. 667 ఊరికే పోయినట్లు. వసూలైన సొమ్మును సాయంత్రానికి ఓడీ ఖాతాకు మార్చే పని గుమాస్తాకు రోజూ అయిదు నిమిషాల కంటె పట్టదు. పాత రోజుల్లో చెక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి వరుసలో నిలబడాలి కనుక బద్ధకించారంటే అర్థం ఉన్నది. ఇప్పుడు కూర్చున్న చోటనుంచి జరిగే పనికి సాకు లేదు.

జీఎస్టీ 3బీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు యాభై రూపాయలు, ఆ నెలలో పన్ను ఏమీ లేకపోయినా రోజుకు ఇరవై రూపాయలు లేటు ఫీజు పడుతుంది. కట్టవలసిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. వ్యాపారం లేదు కదా అని సెలవుల నెలలో రిటర్ను మరచిపోయేవారు ఉన్నారు. దీనిని మన లెక్కలో కలపలేదు.

గల్లాపెట్టె ఖాళీ అయ్యేది, ఫోను ఖాళీ కాదు

యూపీఐ 2016లో వచ్చింది. వర్తకానికి అది చేసిన మేలు తక్కువది కాదు. చిల్లర లేదన్న తగాదా పోయింది, దొంగనోట్ల భయం తగ్గింది. అయితే గల్లాపెట్టె చేసే ఒక పని ఫోను చేయదు. ఉదయం అయిదు వందలు తీసి జేబులో పెట్టుకున్నవారికి మధ్యాహ్నానికి జేబు తేలికైన సంగతి చేతికి తెలిసేది. ఇప్పుడు పునుగులకు ముప్పై, కూల్‌డ్రింకుకు నలభై, పార్కింగుకు ఇరవై, ఎవరో చూపిన కవరుకు పది, ఏది కొట్టు ఖర్చో ఏది ఇంటి ఖర్చో తెలియకుండా ఒకే ఖాతానుంచి పోతున్నవి. నెలాఖరున స్టేట్‌మెంటులో వందకు పైగా పద్దులు. ఏ గుమాస్తా వాటిని విడదీసి రాయగలడు? అన్నిటినీ కలిపి చిల్లర ఖర్చుల్లో వేసి చేతులు దులుపుకుంటాడు.

దీనికి కొందరు వర్తకులు అనుసరిస్తున్న పద్ధతి సులువుగా ఉన్నది. చిల్లర చెల్లింపులకు వేరే బ్యాంకు ఖాతా ఒకటి పెట్టుకుని, ఒకటవ తేదీన దానిలో ఒక మొత్తం వేస్తారు. ఫోనులో చెల్లింపులన్నీ దానినుంచే. ఇరవై తేదీకి అది అయిపోతే అయిపోయినట్లే. కొట్టు ఖాతాను ముట్టుకోరు. గల్లాపెట్టెను ఫోనులో పెట్టుకున్నట్లు అన్నమాట. మొదటి నెల తప్పకుండా పన్నెండో తేదీకే అయిపోతుంది. అప్పుడు ఆ పన్నెండు రోజుల పద్దులు చదివితే విషయం బోధపడుతుంది. బయటి తిండికి రోజుకు డెబ్బై రూపాయలు పోతున్నదనుకుంటే నెలకు ఇరవై ఆరు రోజులకు రూ. 1,820. పూర్తిగా మానమని చెప్పడం లేదు. వేడివేడి పునుగుల విషయంలో ఈ విలేఖరికి కూడా బలహీనత ఉన్నది. సగానికి తగ్గితే రూ. 910 మిగులుతుంది.

టీ లెక్క వేరు. రైతుకు, హమాలీకి, ఖరీదుదారుకు ఇచ్చే టీ వ్యాపారంలో భాగం, దానిని తగ్గించరాదు. చూడవలసినది టీ కొట్టు ఖాతాను. రోజుకు ఎన్ని టీలు వచ్చినవో కొట్టులో ఎవరూ రాయరు. టీ కుర్రవాడు తన పుస్తకంలో గీసిన గీతలే ప్రమాణం. అతడు మోసం చేస్తాడని కాదు. పక్క కొట్టుకు వెళ్ళిన టీలు మన గీతల్లో పడటం మామూలే. క్యాలెండరు మీద ఆ రోజు టీల సంఖ్య వేసుకుంటే నెలాఖరున ఇరువురికీ మాట పడదు.

ఫోన్ల రీచార్జి విషయంలో నెల అంటే ముప్పై రోజులు కాదన్నది గుర్తుంచుకోవాలి. ఇరవై ఎనిమిది రోజుల ప్లాన్లకు సంవత్సరానికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టవలసి వస్తుంది. ఎప్పుడో సీజనులో తీసుకున్న సిమ్ములు రెండు వాడకం లేకుండా రీచార్జి అవుతుంటే, ఒక్కొక్కటి రూ. 300 చొప్పున సంవత్సరానికి రూ. 7,800. నెలకు రూ. 650. ఆ నంబరు ఏ బ్యాంకు ఖాతాకైనా ముడిపడి ఉందేమో చూసుకున్న తరువాతనే తీసివేయాలి.

మధ్యాహ్న భోజనానికి కారులో ఇంటికి వెళ్ళివచ్చే వర్తకులు చాలామంది. రానుపోను ఎనిమిది కిలోమీటర్లయితే నెలకు 208 కిలోమీటర్లు. కారు లీటరుకు పదిహేను, స్కూటరు నలభై అయిదు ఇస్తుందనుకుంటే సుమారు తొమ్మిదింపావు లీటర్ల తేడా. లీటరు నూరు రూపాయల లెక్కన రూ. 925. క్యారియరు తెప్పించుకుంటే అదీ ఉండదు, కానీ ఇంటికి వెళ్ళి ఓ పావుగంట నడుం వాల్చే అలవాటును లెక్కలతో మాన్పించలేము.

సున్నా కాని జీరో బల్బు

కొట్టులో దేవుడి పటం ముందు ఎర్ర జీరో బల్బు రాత్రింబవళ్ళు వెలుగుతూ ఉంటుంది. జీరో అన్న పేరు చూసి కరెంటు కాలదనుకుంటారు. పాత రకం జీరో బల్బు పదిహేను వాట్ల దాకా లాగుతుంది. ఇరవై నాలుగు గంటలు వెలిగితే నెలకు సుమారు పదకొండు యూనిట్లు. కొట్టులో ఒకటి, గోదాములో ఒకటి ఉంటే ఇరవై రెండు యూనిట్లు. అర వాటు ఎల్ఈడీ బల్బు వేస్తే రెండూ కలిపి ఒక యూనిట్ కూడా కాలదు. దేవుడికి వెలుగు తగ్గదు, మనకు ఇరవై ఒక్క యూనిట్లు మిగులుతాయి.

పాత ట్యూబులైటు చోకుతో కలిపి యాభై వాట్లు కాలుస్తుంది. అదే వెలుగుకు ఎల్ఈడీ ట్యూబు ఇరవై వాట్లు చాలు. నాలుగు ట్యూబులు, రోజుకు పది గంటలు, ఇరవై ఆరు రోజులు అయితే నెలకు ముప్పై ఒక్క యూనిట్ల తేడా. వాణిజ్య కనెక్షన్‌కు యూనిట్ తొమ్మిది రూపాయలు అనుకుంటే బల్బులు, ట్యూబులు కలిపి యాభై రెండు యూనిట్లకు రూ. 468. నాలుగు ట్యూబులకు పెట్టిన వెయ్యి రూపాయలు నాలుగు నెలలు తిరగకుండా వచ్చేస్తాయి.

ఫ్యాన్ల విషయంలో తొందర పడనక్కరలేదు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను పాతదానిపై నలభై అయిదు వాట్లు తక్కువ తీసుకుంటుంది నిజమే. నాలుగు ఫ్యాన్లకు నెలకు నలభై ఏడు యూనిట్లు, రూ. 423 మిగులుతుంది. కానీ ఫ్యాను మూడు వేలయితే పెట్టిన పన్నెండు వేలు రావడానికి రెండేళ్ళ పైన పడుతుంది. నడుస్తున్న ఫ్యాను విప్పి పారవేయడం కంటె, కాలిపోయిన ఫ్యానుకు వైండింగు చేయించకుండా ఆ సమయంలో కొత్త రకం కొనడం సరైన బేరం.

ఇంటి సరుకుల చీటీ

మిర్చి యార్డులో టిక్కీల లెక్కన సరుకు చేతులు మార్పించే వర్తకుడి ఇంటికి కారం వంద గ్రాముల ప్యాకెట్లలో వస్తున్నది. కంది వ్యాపారి ఇంటికి కందిపప్పు సూపర్ మార్కెట్‌నుంచి వస్తున్నది. ఇది పరిహాసానికి అన్నమాట కాదు. కొట్టుకు ఎదురుగా దొరికే సరుకును మూడు చేతుల లాభం కట్టి ఇంట్లో కొనుక్కుంటున్నారు. మన అమ్మమ్మల కాలంలో మిరపకాయలు, చింతపండు, పసుపు, కందులు కొత్త పంట రోజుల్లో సంవత్సరానికి సరిపడా తీసుకునేవారు. దానిని పాతకాలపు అలవాటు అని వదిలేయకుండా వర్తకుడి కంటితో చూడాలి.

సంవత్సరానికి సరిపడా సరుకు కొని సమంగా వాడుకుంటే, పెట్టిన సొమ్ము సగటున ఆరు నెలలు నిలిచి ఉంటుంది. రూపాయి వడ్డీకి ఆరు శాతం. పురుగు, తరుగు కింద మరో రెండు శాతం వేసుకుందాం. మొత్తం ఎనిమిది. చిల్లరగా నెల నెలా కొనే ధర సీజను టోకు ధర కంటె సగటున ఎనిమిది శాతానికి మించి ఎక్కువ ఉంటేనే నిల్వ లాభం. కారం, చింతపండు, పసుపు, పప్పుల్లో చిల్లర, టోకు ధరల తేడాయే చాలాచోట్ల అంతకు మించి ఉంటుంది. పంచదారలో అంత తేడా కనిపించదు, నెలకు సరిపడా చాలు. ఉల్లి కుళ్ళిపోతుంది, నూనె కనరెక్కుతుంది, వాటిని నిల్వ పెట్టరాదు.

ఒక హెచ్చరిక అవసరం. ఇంటి సరుకులో తేజీ, మందీ ఆడకూడదు. 2015లో కందిపప్పు చిల్లర ధర కిలో రెండు వందలకు ఎగబాకింది. అది చూసి మరుసటి సంవత్సరం రెండేళ్ళకు సరిపడా నింపుకున్నవారు నష్టపోయారు. 2016-17 పంట వెల్లువగా వచ్చి కంది మద్దతు ధరకు దిగువన అమ్మింది. 2017లోనే మిర్చి ధర ఎంత పడిపోయిందో మార్కెట్ వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంటికి ఎంత కావాలో అంత, ఒక్క సంవత్సరానికి మాత్రమే.

బియ్యం బస్తా కొనేటప్పుడు బరువు చూడాలి. 2022 జూలై 18 నుంచి ఇరవై అయిదు కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి ముద్ర వేసిన బియ్యం, పప్పులు, పిండిపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఇరవై అయిదు దాటిన బస్తాకు ఆ పన్ను లేదు. ఆ తరువాతనే బజారులో ఇరవై ఆరు కిలోల బస్తాలు కనిపించసాగాయి. ఈ చిత్రం వర్తకులకు తెలిసినదే అయినా వారి ఇళ్ళకు మాత్రం అయిదు, పది కిలోల సంచులు వస్తూనే ఉన్నవి. నూనె డబ్బా మీద పదిహేను లీటర్లని ఉందా, పదిహేను కిలోలని ఉందా అన్నది కూడా చూసుకోవాలి. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. పదిహేను లీటర్ల డబ్బాలో ఉండేది పదమూడు కిలోల ఆరు వందల గ్రాముల పైచిలుకు మాత్రమే. ప్యాకెట్లలోనూ 850, 800 గ్రాముల రకాలు వచ్చినవి. ధర తగ్గినట్లు కనిపిస్తే ముందుగా బరువు చూడాలి. కిలోకు, లీటరుకు ఎంత పడుతున్నదీ ప్యాకెట్ మీద ముద్రించాలన్న నిబంధన కొన్నేళ్ళుగా ఉన్నది. ఆ చిన్న అక్షరాలే మనకు కావలసిన ధర.

నెలకు పన్నెండు వేల సరుకుల చీటీలో ఈ మార్పులవల్ల నూటికి పది తగ్గిందనుకుంటే రూ. 1,200. ఇందులో ఎవరి కంచంలోనూ ముద్ద తగ్గలేదు. అయితే ఈ పని యజమాని ఒక్కడివల్ల అయ్యేది కాదు. చీటీ రాసేవారు ఇంట్లో ఉన్నారు. కొట్టులో కూర్చుని ఇంటి ఖర్చు తగ్గించమని ఫోనులో ఉత్తరువులు ఇవ్వడం కంటె, సీజను టోకు ధరలు రోజూ సాయంత్రం ఇంట్లో చెబితే చాలు, మిగతా లెక్క వారే వేయగలరు.

ఇప్పుడు కూడిక చూద్దాము. కార్డు వడ్డీ 1,400, ఓడీ 667, బయటి తిండి 910, సిమ్ములు 650, పెట్రోలు 925, కరెంటు 468, ఇంటి సరుకులు 1,200. మొత్తం రూ. 6,220. నూటికి రెండు కమీషన్ మీద ఇది మూడు లక్షల పదకొండు వేల వ్యాపారం. సంవత్సరానికి రూ. 74,640. గుమాస్తా జీతం పన్నెండు వేలు అనుకుంటే అందులో సగం, ఎవరినీ పనిలోంచి తీయకుండానే. అందరికీ ఇన్ని రంధ్రాలు ఉండవు. కార్డు బాకీ లేనివారికి మొదటి పద్దు ఉండదు, స్కూటరుమీదనే తిరిగేవారికి పెట్రోలు పద్దు ఉండదు. ఆ కొట్లలో వేరే ఏదో ఉంటుంది. ఎక్కడ ఉందో తెలియడానికి చిల్లర ఖర్చుల ఖాతాను రెండు నెలలపాటు ఆరేడు పేర్లుగా విడదీసి రాయించడం తప్ప మరో దారి కనిపించదు.

ఈ పనికి సెలవులు అనుకూలమైన కాలం. గుమాస్తాకు తీరిక ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఫోనులోనే దొరుకుతాయి. ట్యూబులైట్ల సంగతి కూడా ఎలక్ట్రీషియన్‌తో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. యార్డు తెరిచిన తరువాత కొట్టులో నిచ్చెన వేయడానికి టిక్కీల మధ్య చోటు దొరకదు.